ఐదు వందల నిశ్చితార్థాలు

ఆ సర్క్యులర్ రాఘోజిపేట పశువైద్యశాలకు ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు వచ్చింది. అప్పటికి డాక్టర్ విద్యాధర్ గారు ఒక మేక నోట్లో చెయ్యి పెట్టి ఉన్నారు. కాబట్టి నేనే చదివి వినిపించాను.

"శాఖను ప్రజల హృదయాలలో ఒక బ్రాండుగా నిర్మించు మహత్తర లక్ష్యముతో, ఇకమీదట పశువైద్యశాలల పనితీరును నయమైన పశువుల సంఖ్యతో గాక, సామాజిక మాధ్యమ నిశ్చితార్థములతో కొలువ నిర్ణయించడమైనది. ప్రతి వైద్యశాల నెలకు కనీసము ఐదు వందల నిశ్చితార్థములు సాధించవలెను. విఫలురైన వారిపై తగు చర్య తీసుకొనబడును."

డాక్టర్ గారు చెయ్యి బయటికి తీశారు. వేళ్ల మధ్య పాల ప్యాకెట్ ముక్క ఉంది.

"ఎవరికి నిశ్చితార్థం?"

"రాయలేదు సార్."

"ఎవరితో?"

"అదీ రాయలేదు."

ఆయన చేతులు కడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. పైవాళ్లను అడిగి తెలుసుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. రెండేళ్ల కిందట ప్రతి కోడికీ చెవికి ట్యాగు వేయాలని ఇలాంటిదే ఒక సర్క్యులర్ వస్తే, కోడికి చెవి ఎక్కడుంటుందో తెలియజేయగలరని ఆయన వినయంగా ఉత్తరం రాశారు. జవాబుగా బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆయన మా ఊరికి వచ్చింది అలాగే. అప్పటినుంచి ఆయన ఎవరినీ ఏమీ అడగడం మానేశారు.

నేను అదే ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా సహాయకుణ్ణి. పేరు సుదర్శనం. ఇన్నేళ్ల సర్వీసులో నా అంతట నాకు తట్టిన ఆలోచన ఒక్కటే. అది ఆ సోమవారమే తట్టడం నా ఖర్మ.

మధ్యాహ్నం ఓదమ్మ తన బర్రెను తోలుకొచ్చింది. ఎడమ ముందుకాలి గిట్టలో మేకు దిగింది. ఆరు లీటర్ల పాలిచ్చే ముర్రా బర్రె. పేరు మాణిక్యం. ఓదమ్మ ఇల్లు నడిచేది దాని మీదే. బస్టాండు దగ్గరి హోటలుకూ, ఒక పది ఇళ్లకూ ఆమే పాలు పోస్తుంది. డాక్టర్ గారు మేకు తీసి, చీము కడిగి, కట్టు కట్టారు. ఒక వారం ఇక్కడే ఉంచితే రోజూ కట్టు మారుస్తామన్నారు.

"ఇంటికాడ దుడ్డె ఒర్రుతది సారు. పొద్దుమాపు దాన్ని తోలుకొచ్చి పాలు చీకించుకపోత" అంది ఓదమ్మ.

అప్పుడే నేను అన్నాను. "సార్, పెళ్లికూతురు దొరికింది."

పెళ్లికొడుకు విషయం కొంచెం చిక్కు. మా దగ్గర దున్నపోతు లేదు. అది వేరే జిల్లాలో ప్రభుత్వ కేంద్రంలో ఉంటుంది. దాని బీజం మాత్రం గడ్డకట్టించి, నత్రజని పోసిన స్టీలు డబ్బాలో పెట్టి మాకు పంపుతారు. డబ్బా మీద వరుడి నంబరు 4417 అని రాసి ఉంటుంది. నేను ఆ డబ్బాను తుడిచి, బల్ల మీద పెట్టి, బంతిపూల దండ వేశాను.

"పిలగాడేడి?" అని అడిగింది ఓదమ్మ.

"డబ్బాల ఉన్నడు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత అంత నవ్వు ఆమె ముఖంలో నేను మళ్లీ చూడలేదు.

తాంబూలం మార్చాం. లగ్నపత్రిక లేదు కాబట్టి సర్క్యులర్‌నే గట్టిగా చదివాను. చివరి వాక్యం దగ్గర డబ్బా మూత తీస్తే తెల్లటి పొగ బల్ల మీదినుంచి కిందికి మెట్లు దిగినట్టు దిగింది. ఆ పొగలో మాణిక్యం మెడ చాచి, వరుడి దండను పూర్తిగా తినేసింది. ఆ వీడియోను ఆసుపత్రి పేజీలో పెట్టాను. దాన్ని అనుసరించేవాళ్లు పద్నాలుగు మంది. అందులో తొమ్మిది మంది మా అత్తగారి తరఫువాళ్లు.

మర్నాడు పొద్దునకు పదకొండు లక్షల మంది చూశారు.

బుధవారం జిల్లా నుంచి జాయింట్ డైరెక్టర్ ఆనందభూషణం గారు స్వయంగా వచ్చారు. ఈలోగా డాక్టర్ గారు రాజధానిలో ఉన్న తన క్లాస్‌మేట్‌కు ఫోన్ చేసి అసలు సంగతి తెలుసుకున్నారు. ఇంగ్లీషులో ఎంగేజ్‌మెంట్ అని ఉన్న మాటను ఎవరో కంప్యూటర్‌లో వేసి తెలుగు చేశారు. కావలసింది లైకులు, కామెంట్లు, షేర్లు. తాంబూలాలు కాదు. ఆ మాట ఆయన భయపడుతూ భయపడుతూ జేడీ గారికి చెప్పారు.

జేడీ గారు కళ్లు మూసుకుని విన్నారు. "పదాలు పట్టుకుని వేలాడకండి డాక్టర్ గారూ. పొరపాటు అనేది కింది స్థాయిలో జరుగుతుంది. పై స్థాయికి వచ్చేసరికి అది దార్శనికత అవుతుంది. ప్రజలు నిశ్చితార్థాన్ని ఆమోదించారు. ఇక పెళ్లి దాకా వాళ్ల చెయ్యి వదలకూడదు."

"పెళ్లా సార్?"

"వెంటనే కాదు. పెళ్లైపోతే ఎవరు చూస్తారు?"

ఆ సాయంత్రానికే మాణిక్యం పేరు క్షీరసాగరిక అయ్యింది. నేను అదనపు బాధ్యతలతో నిశ్చితార్థ నోడల్ అధికారిని అయ్యాను. మందుల గదిలో ఉన్న మందులు వరండాలోకి వచ్చాయి. గదిలోకి మూడు లైట్లు, ఒక గులాబీ రంగు తెర, క్షీరసాగరిక వచ్చాయి.

ఆరోరోజుకు గిట్ట మానిపోయింది. ఓదమ్మ పలుపు పట్టుకుని వచ్చింది. నేను జేడీ గారికి ఫోన్ చేశాను.

"డిశ్చార్జా? ఎవరినడిగి నయం చేశారు?" అన్నారాయన. "గాయం ఉన్నంతకాలమే జనానికి ఆత్రుత. కట్టు విప్పాలా వద్దా అనేది డాక్టరు నిర్ణయించే విషయం కాదు. ప్రజాస్వామ్యం ఉంది. ఓటింగు పెట్టండి."

పెట్టాం. కట్టు ఉంచాలన్నవాళ్లు నూటికి డెబ్బై ఒక్కమంది. విప్పమన్నవాళ్లలో ఓదమ్మ ఒకతె. ఆమె కోసం నా ఫోన్‌లోంచే నేను నొక్కాను.

మరో నాలుగు రోజులకు, వెలుతురు కుడివైపు నుంచి పడుతోంది కాబట్టి కట్టు కుడి కాలికి ఉంటే బాగా కనబడుతుందని ఎవరో వ్యాఖ్య రాశారు. దానికి రెండు వేల లైకులు వచ్చాయి. డాక్టర్ గారు ఎడమ కాలి కట్టు విప్పి, ఏ జబ్బూ లేని కుడి కాలికి కట్టారు. కడుతున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు. మాణిక్యం మాత్రం తల తిప్పి ఆయన్నే చూసింది. ఆ చూపు కూడా వీడియోలో పడింది. దానికి ప్రేమ అని పేరు పెట్టాం.

ఆసుపత్రి గేటుకు ఒక బోర్డు వచ్చింది. "పెద్ద కళ్లు, నునుపైన చర్మము గల పశువులకు ప్రాధాన్యము. పారుడు, గజ్జి ఉన్న వాటిని వెనుక ద్వారము వద్ద నిలుపవలెను." మాకు వెనుక ద్వారం లేదు. అందుకని వాటిని గోడ అవతల నిలబెట్టేవాళ్లు.

తర్వాత యాప్ వచ్చింది. ప్రతి చికిత్సకూ ముప్పై సెకన్ల వీడియో జత చేస్తేనే అది నమోదవుతుంది. వంద లైకులు రాని చికిత్సను జరిగినట్టు పరిగణించరు. ఒక గొర్రెకు నట్టల మందు పోస్తే ముప్పై ఒక్క లైకులే వచ్చాయి. "చికిత్స జరగలేదు" అని యాప్ ఎర్ర అక్షరాల్లో చూపించింది. గొర్రె అప్పటికే గంతులేస్తోంది. దాని యజమానికి నేను నియమాలు వివరించాను. ఆయన గొర్రె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.

ఇంతలో మాణిక్యం పాలు తగ్గిపోయాయి. లైట్ల వేడికీ, సెల్ఫీల కోసం వచ్చేవాళ్ల గోలకూ బర్రె చేపడం మానేసింది. ఆరు లీటర్లు నాలుగయ్యాయి, తర్వాత రెండు. హోటలతను ప్యాకెట్ పాలు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. జేడీ గారు మళ్లీ వచ్చిన రోజు ఆమె గేటు దగ్గరే కాపు కాసి అడ్డం నిలబడింది.

"సారూ, నా బర్రెను నాకియ్యుండ్రి. కాలు నయమయ్యి మూడు వారాలాయె."

జేడీ గారు ఆమెకు రెండు చేతులూ జోడించారు. జనం ఫోన్లు ఎత్తడం ఆయన గమనించారు. "తల్లీ, నీ బర్రె ఇప్పుడు నీ ఒక్కదానిది కాదు. శాఖకు ముఖచిత్రం. తొమ్మిది దేశాల్లో చూస్తున్నారు."

"తొమ్మిది దేశాలోళ్లు పాలు పోయించుకుంటరా సారు?"

"నువ్వు సంకుచితంగా ఆలోచిస్తున్నావు."

"నా దుడ్డె ఎండుతాంది" అంది ఓదమ్మ. "దానికి నేనేం చెప్పాలె?"

జేడీ గారు నా వైపు తిరిగి, దూడ ఉన్నట్టు తనకెందుకు చెప్పలేదని కోప్పడ్డారు. కాబోయే పెళ్లికూతురికి దూడ ఉండటం కథకు ఇబ్బంది అట. ఆ రోజు నుంచి దుడ్డెను లోపలికి రానివ్వలేదు.

పెళ్లి తేదీ మీద ఓటింగును ఒక గురువారం సాయంత్రం ఐదింటికి లైవ్‌లో పెట్టాం. మధ్యలో క్షీరసాగరిక, ఒక పక్క డాక్టర్ గారు, ఇంకో పక్క జేడీ గారు. డబ్బాకు తలపాగా చుట్టాం. ఫోను పట్టుకుని నేను ఎదురుగా నిలబడ్డాను. నలభై వేల మంది చూస్తున్నారు.

అప్పుడు గేటు తోసుకుని కొమురెల్లి వచ్చాడు. రెండెకరాల రైతు. వెనక అతని ఎద్దు, నాలుగడుగులకొకసారి ఆగుతూ వస్తోంది. ఎడమ డొక్క గుమ్మటంలా లేచి ఉంది.

"సారు, పచ్చిజొన్న మేసింది. కడుపు నగార లెక్క ఉబ్బింది. జర జల్ది చూడుండ్రి."

పచ్చిజొన్న మేస్తే కడుపులో గాలి పట్టుకుంటుంది. డొక్కలో గొట్టపు సూది దించితే ఆ గాలి బుస్సుమని పోతుంది. ఎద్దు లేచి నడుచుకుంటూ వెళ్తుంది. నిమిషం పని. ఆ పని నాకూ వచ్చు, ఎన్నోసార్లు చేశాను. సూది నా పక్క బల్ల మీదే ఉంది. నా చేతిలో ఫోను ఉంది.

డాక్టర్ గారు లేవబోయారు. జేడీ గారు నవ్వు చెదరనివ్వకుండా ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. నాతో పెదవులు కదిపి, "పది నిమిషాలు" అన్నారు.

నేను కొమురెల్లి వైపు తిరిగి, ఫోను కదలకుండా, "పది నిమిషాలాగు" అన్నాను.

అతను ఆగాడు. ఆఫీసులో ఆగమంటే ఆగడం అతనికి అలవాటు. ఎద్దు మెడ నిమురుతూ, దాని చెవిలో ఏదో చెబుతూ నిలబడ్డాడు. ఐదో నిమిషంలో ఎద్దు ముందుకాళ్ల మీద కూలబడింది. మెడలో గజ్జెలు గల్లుమన్నాయి. "మేళం వచ్చేసిందా?" అని కింద ఎవరో రాశారు. డాక్టర్ గారు జేడీ గారి చెయ్యి విదిలించుకుని, సూది అందుకుని పరిగెత్తారు. దించారు కూడా. గాలి వచ్చింది. ఎద్దు మాత్రం లేవలేదు.

నేను ఫోను అటు తిప్పానని తర్వాత చూస్తే తెలిసింది. చెయ్యి దానంతటదే తిరిగింది. కొమురెల్లి ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఎద్దు మెడలోని గజ్జెల పట్టీ విప్పి, భుజాన వేసుకుని, దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

జేడీ గారు నా చేతిలోంచి ఫోను తీసుకుని చూశారు. "విషాద ముఖాలు ముప్పై ఎనిమిది వేలు" అన్నారు నెమ్మదిగా. "మన దగ్గర హాస్యం ఉంది, శృంగారం ఉంది. కరుణరసం లోటుగా ఉండేది." కారెక్కుతూ ఇంకో మాట కూడా అన్నారు. "ఆ రైతుతో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించండి. వార్షిక నివేదిక వీడియోలో వాడాలి."

ఆ పత్రం మడిచి నేను జేబులో పెట్టుకున్నాను. కొమురెల్లి దగ్గరికి వెళ్లలేదు.

మర్నాడు పొద్దున ఓదమ్మ వచ్చింది. ఎవరినీ అడగలేదు. గులాబీ తెర పక్కకు లాగి, కొడవలితో కుడికాలి కట్టు కోసింది. కట్టు కింద చర్మం ఒరుసుకుపోయి పుండైంది. ఏ జబ్బూ లేని కాలు. ఓదమ్మ దాన్ని వేలితో తాకి, నా వైపు చూసింది.

"గిదా మీ వైద్యం?" అంది.

పలుపు విప్పి బర్రెను నడిపించుకుపోయింది. అలాంటి ఘట్టాన్ని చిత్రీకరించడం నోడల్ అధికారిగా నా విధి. నేను ఫోను తీయలేదు. ఈ కథలో నేను సరిగా చేసిన మొదటి పని అదే.

జేడీ గారు మండిపడతారనుకున్నాం. పడలేదు. "వధువు అలిగి వెళ్లింది. అద్భుతం!" అన్నారు. "ఖాళీ గది ఫోటో రోజూ ఒకటి పెట్టండి. ఉన్నదాని కంటే లేనిదాని కోసం ఎదురుచూసేవాళ్లే ఎక్కువ." ఆ మాట నిజమే. క్షీరసాగరిక వెళ్లాక మాకు నిశ్చితార్థాలు రెట్టింపయ్యాయి. బర్రె అవసరం లేని బర్రె కథ ఒకటి రోజూ పొద్దున పదింటికి నడిచేది. జిల్లాలో మాది మొదటి స్థానం.

ఆ శనివారం డాక్టర్ గారు నన్ను పిలిచారు. "సుదర్శనం గారూ, రేపు పొద్దున ఆరింటికి ఓదమ్మ ఇంటికి రాగలరా? ఆ కాలు నేను చెడగొట్టాను. నేనే బాగుచేయాలి."

వెళ్లాం. ఓదమ్మ గడపలోనే ఆపింది. "ఫోన్లేడున్నయి?"

ఇద్దరం తీసి ఇచ్చాం. ఆమె వాటిని గంప కింద మూసి, పైన రాయి పెట్టింది. డాక్టర్ గారు నేల మీద కూర్చుని పుండు కడిగారు. దుడ్డె తల్లి పొదుగులో తల దూర్చి కుమ్ముతోంది. కడగడం అయ్యాక కూడా ఆయన లేవలేదు. కాసేపు ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు.

మూడో రోజు పక్కింటి మేక వచ్చింది. ఐదో రోజుకు గొర్రెలు. గోడ అవతల నిలబెట్టిన గజ్జి కుక్కలు, పారుడు దూడలు, కళ్లు చిన్నవైనవి, చర్మం నునుపుగా లేనివి అన్నీ ఓదమ్మ కొట్టానికి రావడం మొదలుపెట్టాయి. గంప చాలక ఆమె ఇంకో పెద్ద గంప తెచ్చిపెట్టింది. ఎవరొచ్చినా ముందు ఫోను అందులో వేయాలి. ఎనిమిదిన్నరకు మేం చేతులు కడుక్కుని ఆసుపత్రికి వచ్చి, ఖాళీ గదికి ఫోటో తీసి, బ్రాండు నిర్మించేవాళ్లం.

రెండో వారంలో కొమురెల్లి వచ్చాడు. రెండో ఎద్దు మేత మానేసిందట. అతను లోపలికి రాకుండా దూరంగా దారి మీదే నిలబడ్డాడు. డాక్టర్ గారే ఎదురు వెళ్లారు. నేనూ వెళ్లాను. నాలుక కింద ముల్లు గుచ్చుకుని ఉంది. నేను దవడ పట్టుకుంటే ఆయన తీశారు.

"ఎంతసేపు ఆగాలె సారు?" అని అడిగాడు కొమురెల్లి.

"ఆగక్కర్లేదు. అయిపోయింది" అన్నాను. అతని ముఖంలోకి చూసే ధైర్యం లేక ఎద్దుతోనే అన్నాను. సమ్మతి పత్రం ఇంకా జేబులోనే ఉంది. అతను వెళ్లాక దాన్ని చింపి పేడలో తొక్కాను.

ఐదు వారాలు అలా గడిచాయి. ఎవరో పైకి చేరవేశారు. ఎవరో కనుక్కోవాలని నాకు అనిపించలేదు. రిజిస్టర్డ్ పోస్టులో మెమో వచ్చింది. ఈసారీ నేనే చదివాను.

"మీరు కార్యాలయ సమయమునకు ముందు, ఓదమ్మ అను ప్రైవేటు వ్యక్తి కొట్టములో, ఎట్టి వీడియో గాని, ఫోటో గాని లేకుండా, నలభై మూడు పశువులకు రహస్యముగా వైద్యము చేసి, వాటిని నయము చేసినట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. ప్రచారము లేని స్వస్థత శాఖాపరమైన ఆస్తిని దుర్వినియోగము చేయుటయే. ఇందువలన శాఖకు రావలసిన నిశ్చితార్థములకు తీరని నష్టము వాటిల్లినది. మీపై ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

డాక్టర్ గారు అంతా విని, బల్ల సొరుగులోంచి తెల్లకాగితం తీశారు. రాయడం అర నిమిషంలో అయిపోయింది. సంతకం చేసి కాగితం నా వైపు జరిపారు.

"అయ్యా, ఆరోపణ నిజం. సంఖ్య తప్పు. నలభై మూడు కాదు, అరవై ఒకటి."

నేను రెండుసార్లు చదివాను.

"సార్, అరవై రెండు" అన్నాను. "పొద్దున మనం బయల్దేరుతుంటే ఎల్లవ్వ మేక వచ్చింది."

"అవును కదా" అన్నారాయన. కాగితం వెనక్కి తీసుకుని, ఒకటిని కొట్టేసి రెండు అని దిద్దారు. ఆఫీసు పద్ధతి ప్రకారం దిద్దిన చోట పక్కన పొట్టి సంతకం చేశారు.

కలం అడిగి తీసుకుని, దాని పక్కనే నేనూ ఒకటి చేశాను.